రూటర్ సాఫ్ట్‌వేర్ మారాక స్కాన్ ఇమేజ్‌లు వెళ్లకపోతే: ఎక్కడ ఆగాయో కనిపెట్టే పద్ధతి

ముందు రోజు సాయంత్రం వరకు సజావుగా వెళ్లిన సీటీ ఇమేజ్‌లు తెల్లవారేసరికి వెళ్లడం మానేస్తాయి. మెషిన్‌ను నడిపే కంప్యూటర్ అయిన కన్సోల్‌లో, పంపవలసిన స్టడీలు (ఒక్కో రోగి స్కాన్ ఇమేజ్‌ల కట్టలు) వరుసగా పేరుకుపోతాయి. ఒక్కొక్కటి కొంతసేపు తిరిగి తిరిగి విఫలమైనట్లు చూపుతుంది. అదే గదిలోని కంప్యూటర్‌లో వెబ్‌సైట్లు తెరుచుకుంటూనే ఉంటాయి, ఫోన్‌లో వీడియోలు వస్తూనే ఉంటాయి. అందువల్ల నెట్ బాగానే ఉందనీ, తప్పు మెషిన్‌లోనే ఉందనీ అందరూ నిర్ధారణకు వచ్చి, మెషిన్ కంపెనీ ఇంజినీరుకు ఫోన్ చేస్తారు. గోదావరి జిల్లాల్లో కొన్ని స్కానింగ్ సెంటర్ల నెట్‌వర్క్ పనులు చూసే నాకు ఇలాంటి ఫోన్లు తరచుగా వస్తుంటాయి. వాటిలో చాలావాటి వెనుక ఒకే సంఘటన ఉంటుంది: అంతకు ముందు రాత్రి రూటర్‌లోనో, ఫైర్‌వాల్‌లోనో, స్విచ్‌లోనో సాఫ్ట్‌వేర్ మారి ఉంటుంది.

ఈ విషయంలో తొందర ఎందుకో ముందు చెప్పాలి. చిన్న పట్టణాల సెంటర్లలో రాత్రి వేళ రేడియాలజిస్ట్ ఉండరు. స్కాన్ ఇక్కడ తీస్తే, ఇమేజ్‌లు చూసి రిపోర్టు ఇచ్చే డాక్టరు విశాఖపట్నంలోనో, విజయవాడలోనో, హైదరాబాద్‌లోనో ఉంటారు. పక్షవాతం వచ్చిన రోగికి రక్తపు గడ్డను కరిగించే మందు సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. దానికి ముందు, మెదడులో రక్తస్రావం లేదని సీటీ చూసి తేల్చుకోవాలి. ఆ ఇమేజ్‌లు వరుసలో ఆగిపోయిన ప్రతి నిమిషమూ ఆ నాలుగున్నర గంటల్లోంచే పోతుంది.

మొదటి పని: ఉన్న ఇమేజ్‌లను కాపాడుకోవడం

ఏ సెట్టింగునూ తాకకముందే, ఇంకా వెళ్లని స్టడీలు ఎక్కడ ఉన్నాయో, ఎంతకాలం ఉంటాయో చూసుకోవాలి. చాలా కన్సోళ్లలో డిస్క్ నిండుతున్నకొద్దీ పాత స్టడీలను తమంతట తామే తొలగించే ఏర్పాటు ఉంటుంది. అప్‌లోడ్ రెండు రోజులు ఆగి, రోజుకు నలభై యాభై స్కాన్‌లు తీసే సెంటర్‌లో డిస్క్ నిండితే, పంపనివి కూడా తుడిచిపెట్టుకుపోయే ప్రమాదం ఉంది. కాబట్టి పంపని స్టడీలకు తొలగించకూడదన్న గుర్తు పెట్టించాలి. ఆ సౌకర్యం లేకపోతే వాటిని సెంటర్‌లోనే ఉన్న మరో డిస్క్‌కు ప్రతి తీయించాలి.

అత్యవసర కేసు చేతిలో ఉంటే, కారణం వెతకడం పక్కన పెట్టి, ఫోన్ హాట్‌స్పాట్‌ను గేట్‌వే పీసీకి (ఇమేజ్‌లను దూరపు సర్వర్‌కు పంపే కంప్యూటర్) కలిపి ఆ ఒక్క స్టడీని ముందు పంపాలి. ఇది తాత్కాలిక మార్గమే అయినా, అది పనిచేస్తే గేట్‌వే పీసీలోనూ అవతలి సర్వర్‌లోనూ తప్పు లేదని, తప్పు సెంటర్ లైన్‌లోనో రూటర్‌లోనో ఉందని తెలిసిపోతుంది. కన్సోల్ తెరను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే అలవాటు చాలాచోట్ల ఉంది. రోగి పేరు, వయసు, ఐడీ అన్నీ ఆ ఫోటోలో ఉంటాయి. పైగా, ఒక విండో సెట్టింగులో (తెర మీది వెలుగునీడల అమరికలో) తెర మీద కనిపించినదాన్ని తీసిన ఫోటోలో చిన్న రక్తస్రావం కనబడకపోవచ్చు. ఆ పని చేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఏమి మారిందో ముందు తేల్చుకోండి

"మేము ఏమీ మార్చలేదు" అన్న మాట నిజాయితీగా చెప్పినదే అయినా, దానిని నమ్మి ముందుకు వెళ్లకూడదు. ఫైబర్ కనెక్షన్‌తో వచ్చే ఓఎన్‌టీ పెట్టెలను టీఆర్-069 వంటి పద్ధతి ద్వారా ప్రొవైడర్ దూరం నుండే నిర్వహిస్తారు. అర్ధరాత్రి వాటి సాఫ్ట్‌వేర్ మారి, పెట్టె తిరిగి మొదలైనా సెంటర్‌లో ఎవరికీ తెలియదు. అందువల్ల రూటర్, ఓఎన్‌టీ, ఫైర్‌వాల్, స్విచ్ ఒక్కొక్కదాని పేజీలోకి వెళ్లి, సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఏమిటో, ఆ పరికరం ఎంతసేపటి నుండి ఆగకుండా నడుస్తున్నదో రాసుకోవాలి. ఇమేజ్‌లు ఆగిన సమయానికి కాస్త ముందే ఏ పెట్టె తిరిగి మొదలైందో, ముందుగా అనుమానించవలసింది దానినే.

కన్సోల్ లాగ్‌లో చివరిగా విజయవంతంగా వెళ్లిన ఇమేజ్ సమయాన్నీ, మొదటిసారి విఫలమైన సమయాన్నీ సెకన్లతో సహా రాసుకోండి. ఈ రెండు సమయాలు తరువాత ప్రొవైడర్‌తో మాట్లాడేటప్పుడు మీ చేతిలోని బలమైన ఆధారాలు అవుతాయి.

దారిని రెండుగా విడదీయడం

చాలా సెంటర్లలో సీటీ మెషిన్ నేరుగా ఇంటర్నెట్‌కు పంపదు. కన్సోల్ నుండి ఇమేజ్‌లు లోపలి నెట్‌వర్క్ మీదుగా ఒక గేట్‌వే పీసీకి వస్తాయి. ఆ పీసీ వాటిని వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా వేసుకునే రహస్య దారి) ద్వారానో, సురక్షిత వెబ్ కనెక్షన్ ద్వారానో దూరపు సర్వర్‌కు చేరుస్తుంది. అందుచేత మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: ఇమేజ్‌లు గేట్‌వే పీసీకి వస్తున్నాయా, లేదా? వస్తుంటే లోపలి భాగం బాగుంది, వెతకవలసింది రూటర్ నుండి బయటికి వెళ్లే దారిలో. రాకపోతే ఇంటర్నెట్ గురించి ఆలోచించవలసిన పనే లేదు. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా రెండు వైపులా ఒకేసారి సెట్టింగులు మార్చేవారు, చివరికి ఏది పాడైందో, ఏది తాము పాడుచేశారో చెప్పలేని స్థితికి వస్తారు.

గేట్‌వే పీసీ లేకపోతే పరీక్ష కోసమైనా ఒకటి పెట్టుకోవచ్చు. బెల్జియంలోని లీజ్ విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో పుట్టిన ఆర్థాంక్ అనే ఉచిత డైకామ్ (వైద్య ఇమేజ్‌లను పంపుకునే ప్రమాణ పద్ధతి) సర్వర్‌ను మామూలు ల్యాప్‌టాప్‌లో నిమిషాల్లో నడపవచ్చు. అది ఇమేజ్‌లను 4242 పోర్ట్‌లో (పోర్ట్ అంటే ఒకే కంప్యూటర్‌లోని వేర్వేరు సేవలకు ఇచ్చే సంఖ్య) అందుకుంటుంది, తన వెబ్ పేజీని 8042 పోర్ట్‌లో చూపుతుంది. కన్సోల్‌లో ఆ ల్యాప్‌టాప్‌ను కొత్త గమ్యంగా చేర్చి, రోగి ఇమేజ్ బదులు ఫాంటమ్ (మనిషి బదులు పరీక్ష కోసం పెట్టే నమూనా వస్తువు) స్కాన్ ఒకటి పంపి చూడండి. పరీక్షలన్నిటికీ ఫాంటమ్ ఇమేజ్‌లనే వాడాలి.

లోపలి భాగం తెగితే

రూటర్ సాఫ్ట్‌వేర్ మారినప్పుడు సెట్టింగులు ఫ్యాక్టరీ స్థితికి పోవడం మామూలే. అప్పటివరకు 192.168.1 వరుసలో ఉన్న లోపలి నెట్‌వర్క్ 192.168.0 వరుసకు మారిందనుకోండి. తనంతట తాను చిరునామా తీసుకునే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు కొత్త వరుసలోకి వెళ్లిపోతాయి. చిరునామాను చేతితో రాసిపెట్టిన సీటీ కన్సోల్ మాత్రం పాత వరుసలోనే ఉండిపోతుంది. అప్పుడు కన్సోల్ చిరునామాను మార్చడం కన్నా, రూటర్‌ను పాత వరుసకు తీసుకురావడమే మంచిది. ఎందుకంటే కన్సోల్ చిరునామా మారితే దానితో మాట్లాడే వర్క్‌స్టేషన్, ప్రింటర్, వర్క్‌లిస్ట్ సర్వర్ (తీయవలసిన స్కాన్‌ల జాబితా ఇచ్చేది) అన్నిటిలోనూ మార్చుకుంటూ పోవలసి వస్తుంది. పైగా ఆ సెట్టింగులు మెషిన్ కంపెనీ సర్వీస్ ఇంజినీరు చేతిలో ఉండవలసినవి.

గేట్‌వే పీసీ చిరునామా ఒక్కటే మారినా ఇమేజ్‌లు ఆగుతాయి. రూటర్‌లో దానికి స్థిరంగా కేటాయించిన చిరునామా అప్‌గ్రేడ్‌లో చెరిగిపోయి ఉండవచ్చు. డైకామ్‌లో పంపేవారికీ అందుకునేవారికీ మధ్య ఐపీ చిరునామా, పోర్ట్ నంబరు, ఏఈ టైటిల్ (డైకామ్‌లో ఒక్కో పరికరానికి పెట్టుకునే పేరు) మూడూ సరిపోవాలి. ఏఈ టైటిల్ 16 అక్షరాలకు మించదు, పెద్ద చిన్న అక్షరాల తేడాను కూడా పట్టించుకుంటుంది. అందుకునే సర్వర్ ఏ చిరునామా నుండి ఏ టైటిల్ రావాలో ముందే రాసుకుని ఉంటే, చిరునామా మారిన కన్సోల్‌ను గుర్తించక తిరస్కరిస్తుంది. పంపిన ఏఈ టైటిల్‌ను గుర్తించలేదని లాగ్‌లో తక్షణమే జవాబు వచ్చిందంటే అది నిజానికి శుభవార్త. అవతలివారు బతికే ఉన్నారు, మాట చేరింది, పేరు దగ్గరే పేచీ వచ్చింది.

స్విచ్ సాఫ్ట్‌వేర్ మారిన సెంటర్లలో ఇంకొక చిక్కు ఉంది. పాత మెషిన్లలో నెట్‌వర్క్ పోర్ట్ (ఇక్కడ కేబుల్ గుచ్చే చోటు) వేగాన్ని 100 మెగాబిట్లు, ఫుల్ డూప్లెక్స్ అని గట్టిగా కట్టేసి పెట్టి ఉంటారు. స్విచ్ వైపు కూడా అలాగే కట్టేసి ఉన్నంతకాలం ఇబ్బంది లేదు. అప్‌గ్రేడ్ తరువాత స్విచ్ పోర్ట్ ఆటోకు మారితే, అవతలి వైపు నుండి సంప్రదింపు సంకేతం రానందున స్విచ్ హాఫ్ డూప్లెక్స్‌కు దిగిపోతుంది. అంటే ఒకరు రెండు వైపులా ఒకేసారి మాట్లాడుతుంటే, రెండోవారు ఒకరి తరువాత ఒకరు మాట్లాడాలని అనుకుంటారు. పింగ్ (అవతలి పరికరం పలుకుతుందా అని చూసే చిన్న పరీక్ష) చక్కగా వస్తుంది, చిన్న పనులన్నీ జరుగుతాయి. ఇమేజ్‌లు పంపగానే వేగం నత్తనడకకు పడిపోతుంది. స్విచ్ పేజీలో ఆ పోర్ట్ కింద లేట్ కొలిజన్లు (ఆలస్యంగా బయటపడే డేటా ఢీలు) పెరుగుతుంటే, కన్సోల్ వైపు సీఆర్‌సీ తప్పులు (చెడిపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతుంటే ఇదే కారణం. స్విచ్ పోర్ట్‌ను పాత విలువకు తెస్తే సరిపోతుంది. లేదంటే రెండు వైపులా ఆటో పెట్టించాలి. ఒకవైపు కట్టేసి, మరోవైపు ఆటోగా వదిలేయడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

ఎకో వస్తుంది, ఇమేజ్ వెళ్లదు

బయటి దారిలో వచ్చే తప్పుల్లో అందరినీ ఎక్కువగా తికమక పెట్టేది ఇది. ఒక సెంటర్‌లో మెషిన్ ఇంజినీరూ నేనూ కలిసి దాదాపు ఒక రోజంతా దీని మీద పోగొట్టుకున్నాము కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. ఆ రోజు ఎకో పరీక్ష నొక్కిన ప్రతిసారీ విజయవంతమని వచ్చింది. ఇమేజ్ పంపిన ప్రతిసారీ కొంతసేపు తిరిగి గడువు దాటిపోయింది. ఎకో వస్తున్నది కదా అని నెట్‌వర్క్‌ను నిర్దోషిగా వదిలేయడమే మేము చేసిన పొరపాటు.

ఎకో అంటే అవతలి సర్వర్‌ను "ఉన్నారా" అని పలకరించడం. ఆ పలకరింపూ దాని జవాబూ కొన్ని వందల బైట్లకు మించవు. సీటీ ఇమేజ్ సంగతి వేరు. 512 వరుసలు, 512 నిలువులు, ఒక్కొక్క చుక్కకు 2 బైట్లు అంటే ఒక్క స్లైస్ 5,24,288 బైట్లు, అంటే సుమారు అర మెగాబైటు. 300 స్లైస్‌ల స్టడీ 150 మెగాబైట్లు. ఇంత డేటా వెళ్లేటప్పుడు ప్రతి ప్యాకెట్ (ఒకసారికి పంపే డేటా మూట) నిండుగా, నెట్‌వర్క్ అనుమతించే గరిష్ఠ పరిమాణంలో బయలుదేరుతుంది. కొన్ని కన్సోళ్లు ఇమేజ్ పంపే ముందు తమకు తెలిసిన ఇమేజ్ రకాలన్నిటి జాబితానూ సర్వర్‌కు చెబుతాయి. ఆ జాబితా కూడా ఒక ప్యాకెట్‌లో పట్టనంత పెద్దది కావచ్చు. అందుకే కొన్నిసార్లు ఒక్క ఇమేజ్ కూడా మొదలుకాకుండానే, సంబంధం కుదిరే దశలోనే అంతా ఆగిపోతుంది.

ఈథర్‌నెట్‌లో ప్యాకెట్ గరిష్ఠ పరిమాణం 1500 బైట్లు. దీనినే ఎంటీయూ అంటారు. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే ఫైబర్ లైన్లలో చాలావరకు పీపీపీఓఈ అనే పద్ధతి ఉంటుంది. అది ప్రతి ప్యాకెట్ మీద 8 బైట్ల తొడుగు వేస్తుంది కాబట్టి లోపల 1492 మాత్రమే మిగులుతాయి. వీపీఎన్ ఉంటే అది మరో తొడుగు వేస్తుంది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ మామూలుగా 1420 పెట్టుకుంటుంది. 1500 బైట్ల ప్యాకెట్ ఈ ఇరుకు దారి దగ్గరికి వచ్చినప్పుడు రూటర్ దానిని పారేసి, "ఇంత పెద్దది పట్టదు, ఇంత పరిమాణంలో పంపు" అని పంపినవారికి ఐసీఎంపీ (నెట్‌వర్క్ పరికరాలు తప్పులు చెప్పుకునే పద్ధతి) కబురు చేయాలి. 1990 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1191లో (ఆర్‌ఎఫ్‌సీలు ఇంటర్నెట్ పద్ధతులను రాసిపెట్టే పత్రాలు) చెప్పిన పద్ధతి ఇదే. ఆ కబురు దారిలో ఎక్కడైనా ఫైర్‌వాల్ ఆపేస్తే, పంపినవారికి ఏమీ తెలియదు. అదే ప్యాకెట్‌ను మళ్లీ మళ్లీ పంపుతూ, జవాబు కోసం ఎదురుచూస్తూ గడువు దాటిపోతారు.

ఈ ఇబ్బంది రాకుండా చాలా రూటర్లు తెర వెనుక ఒక సాయం చేస్తుంటాయి. డేటా చేరిందో లేదో చూసుకుంటూ పంపే టీసీపీ కనెక్షన్ మొదలయ్యేటప్పుడు ఇరువైపులవారూ "నాకు ఇంతకన్నా పెద్ద ముక్క పంపవద్దు" అని చెప్పుకునే ఎంఎస్ఎస్ అనే అంకెను రూటర్ 1460 నుండి 1452కు, లేదా దారికి తగినంతకు తగ్గిస్తుంది. ఇది ఉన్నన్నాళ్లూ ఎవరికీ దాని ఉనికి తెలియదు. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఈ సెట్టింగు ఎగిరిపోయినా, కొత్త భద్రతా నియమం ఐసీఎంపీని మొత్తంగా ఆపేసినా, పెద్ద ప్యాకెట్లన్నీ మౌనంగా మాయమవుతాయి. వెబ్‌సైట్లు మాత్రం తెరుచుకుంటూనే ఉంటాయి. బ్రౌజర్ పంపే అభ్యర్థనలు చిన్నవి, పైగా కొన్ని పెద్ద సైట్ల సర్వర్లు ముందుజాగ్రత్తగా చిన్న ప్యాకెట్లతోనే సర్దుకుంటాయి. "డౌన్‌లోడ్ వస్తుంది, అప్‌లోడ్ పోదు" అన్న ఫిర్యాదు ఇలాగే పుడుతుంది.

దీనిని పట్టుకునే పరీక్షకు అయిదు నిమిషాలు చాలు. గేట్‌వే పీసీ నుండి దూరపు సర్వర్‌కు ముందు మామూలు పింగ్ ఇవ్వండి. దానికి జవాబు వస్తేనే తరువాతి పరీక్షకు అర్థం ఉంటుంది. సర్వర్ పింగ్‌కు బదులివ్వదని తెలిస్తే, అదే దారిలో ప్రొవైడర్‌ను దాటి ఉన్న మరో చిరునామాను ఎంచుకోవాలి. ఇప్పుడు ముక్కలు చేయకూడదన్న షరతుతో పెద్ద పింగ్ ఇవ్వాలి. విండోస్‌లో పింగ్ తరువాత హైఫన్ ఎఫ్, హైఫన్ ఎల్, 1472 అని రాసి చిరునామా రాయాలి. లినక్స్‌లో హైఫన్ పెద్ద ఎం, డూ, హైఫన్ చిన్న ఎస్, 1472 అని రాయాలి. 1472కు ఐపీ, ఐసీఎంపీ తలకట్టుల (హెడర్ల) 28 బైట్లు కలిస్తే 1500 అవుతుంది.

ఇక్కడ వచ్చే జవాబును చాలామంది తప్పుగా చదువుతారు. ప్యాకెట్‌ను ముక్కలు చేయవలసి ఉంది అన్న సందేశం వెంటనే వస్తే భయపడవలసిన పని లేదు. ఇరుకు దారి ఉన్నదన్న కబురు మీకు అందుతున్నదని, వ్యవస్థ తన పని తాను చేస్తున్నదని దాని అర్థం. ప్రమాదకరమైనది మౌనం. మామూలు పింగ్‌కు జవాబు వచ్చి, పెద్ద పింగ్‌కు ఏ సందేశమూ లేకుండా గడువు దాటితే, పెద్ద ప్యాకెట్లు దారిలో మాయమవుతున్నాయి. అప్పుడు 1472 నుండి 1400కు దిగి, అది వెళితే మధ్య అంకెలు ప్రయత్నిస్తూ, వెళ్లగలిగిన అతి పెద్ద అంకెను కనిపెట్టండి. 1464 దగ్గర వెళ్లి 1465 దగ్గర ఆగిందనుకోండి. 28 కలిపితే 1492, అంటే పీపీపీఓఈ లైన్ అన్నమాట. దానిలోంచి టీసీపీ, ఐపీ తలకట్టుల 40 తీసేస్తే రావలసిన ఎంఎస్ఎస్ 1452.

సరిచేసే మార్గాల్లో ముందు వరుసలోది, రూటర్‌లో ఎంఎస్ఎస్ క్లాంపింగ్‌ను (పైన చెప్పిన ఎంఎస్ఎస్ తగ్గింపును) తిరిగి ఆన్ చేసి, విలువను ఆటోగానో, మీరు కనుగొన్న అంకెగానో పెట్టడం. దానితోపాటు ఫైర్‌వాల్‌లో ఐసీఎంపీ రకం 3, కోడ్ 4 సందేశాన్ని అనుమతించాలి. కొత్త తరహా ఇంటర్నెట్ చిరునామాల పద్ధతి అయిన ఐపీవీ6 వాడుతుంటే ప్యాకెట్ మరీ పెద్దదని చెప్పే రకం 2 సందేశాన్ని తప్పనిసరిగా అనుమతించాలి, ఎందుకంటే ఐపీవీ6లో దారి మధ్య రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. భద్రత కోసమని ఐసీఎంపీని మొత్తంగా మూసేయడం పాతకాలపు పొరపాటు సలహా. దాని వల్ల వచ్చే రక్షణ స్వల్పం, తెచ్చే నష్టం ఇలా ఉంటుంది. రూటర్ మీ చేతిలో లేకపోతే, గేట్‌వే పీసీ నెట్‌వర్క్ కార్డు ఎంటీయూను 1400కు తగ్గించి ఆ పూటకు పని నడిపించుకోవచ్చు. సీటీ కన్సోల్‌లో మాత్రం ఈ మార్పు చేయవద్దు.

వీపీఎన్ ఉన్నచోట లెక్క మళ్లీ వేసుకోవాలి. పీపీపీఓఈ లైన్ మీద వైర్‌గార్డ్ నడుస్తుంటే, 1492లో దాని గరిష్ఠ తొడుగు 80 తీసేసి 1412 పెట్టడం క్షేమం. మామూలుగా ఉండే 1420 కొన్ని లైన్లలో పనిచేసి కొన్నింటిలో ఆగుతుంది. ఒక బ్రాంచిలో వెళ్లే ఇమేజ్‌లు మరో బ్రాంచిలో వెళ్లకపోవడానికి ఈ 8 బైట్ల తేడా చాలు. కొంతమంది డైకామ్ పీడీయూ పరిమాణాన్ని తగ్గించి చూస్తారు. అది అప్లికేషన్ స్థాయిలో డేటాను విడగొట్టే అంకె మాత్రమే, కింద టీసీపీ ఆ ముక్కలను మళ్లీ నిండు ప్యాకెట్లుగానే కట్టుకుంటుంది. కాబట్టి దానితో ఈ జబ్బు నయం కాదు.

కొన్ని ఇమేజ్‌లు వెళ్లి మధ్యలో ఆగితే

మొదటి సిరీస్ (స్టడీలో ఒక దఫా ఇమేజ్‌లు) వెళ్లిపోయి, రెండో సిరీస్ సిద్ధమయ్యేలోపు కనెక్షన్ తెగిపోతుంటే, ఫైర్‌వాల్‌లోని నిరీక్షణ గడువును చూడాలి. లోపలి చిరునామాలను బయటి చిరునామాగా మార్చే ప్రతి రూటర్ ఏ కనెక్షన్ ఎవరిదో గుర్తుపెట్టుకునే పట్టిక ఉంచుకుంటుంది. కొంతసేపు మాటలు లేకపోతే ఆ వరుసను కొట్టేస్తుంది. కుదిరిన టీసీపీ కనెక్షన్‌ను కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలని ఆర్‌ఎఫ్‌సీ 5382 చెబుతున్నది. కొత్త సాఫ్ట్‌వేర్ ఈ గడువును కొన్ని నిమిషాలకు తగ్గించి ఉంటే, కాంట్రాస్ట్ స్కాన్‌లో రెండు దశల మధ్య కన్సోల్ మౌనంగా ఉన్న వేళ కనెక్షన్ చెరిగిపోతుంది. ఆ గడువును పాత విలువకు పెంచాలి. లేదా ప్రతి సిరీస్‌కు కొత్తగా కనెక్ట్ అయ్యేలా పంపే సెట్టింగును మార్చించాలి.

ఏమీ వెళ్లక, ఎకో కూడా రాకపోతే పోర్ట్ మూసుకుపోయి ఉండవచ్చు. అప్‌గ్రేడ్‌తో వచ్చే కొత్త భద్రతా విధానాలు కొన్ని వెబ్ పోర్ట్‌లను మాత్రమే బయటికి వదులుతాయి. డైకామ్ 104, 11112 పోర్ట్‌లలో, ఎన్‌క్రిప్షన్‌తో అయితే 2762లో నడుస్తుంది. సర్వర్‌వారు వేరే పోర్ట్ పెట్టి ఉండవచ్చు కాబట్టి వారిని అడిగి తెలుసుకోండి. తిరస్కరణ తక్షణమే వస్తే అవతల ఆ పోర్ట్‌లో వినేవారు లేరని, చాలాసేపు ఆగి గడువు దాటితే మధ్యలో ఎవరో ప్యాకెట్లను మింగేస్తున్నారని మామూలుగా అనుకోవచ్చు. పోర్ట్ తెరిచేటప్పుడు ఆ ఒక్క గేట్‌వే పీసీ నుండి ఆ ఒక్క సర్వర్‌కు మాత్రమే తెరవండి.

ఎన్‌క్రిప్షన్ దగ్గర ఆగితే

కనెక్షన్ కుదిరిన మరుక్షణమే తెగితే, లాగ్‌లో హ్యాండ్‌షేక్ (మొదటి పరిచయం) విఫలమైందన్న మాట కనిపిస్తే, డేటాను ఎన్‌క్రిప్ట్ చేసే పద్ధతి అయిన టీఎల్ఎస్ వెర్షన్లను పోల్చి చూడాలి. టీఎల్ఎస్ 1.0, 1.1 వెర్షన్లను 2021 మార్చిలో అధికారికంగా పక్కన పెట్టారు. ఆ తరువాత వచ్చిన సాఫ్ట్‌వేర్లు చాలావరకు వాటిని ఒప్పుకోవు. విండోస్ 7 మీద నడిచే పాత గేట్‌వే ప్రోగ్రాములు 1.0తోనే మాట్లాడుతుంటే, ఫైర్‌వాల్‌నో వీపీఎన్ పరికరాన్నో కొత్తది చేసిన రోజు నుండి వాటి మాట చెల్లదు. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ అందరికీ ఇచ్చే మద్దతు 2020 జనవరి 14నే ముగిసింది. పాత వెర్షన్‌ను తిరిగి అనుమతించి పని నడిపిద్దామనే ఆలోచన వస్తుంది. రోగుల సమాచారం ప్రయాణించే దారిలో ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పను. పాత పీసీ స్థానంలో కొత్త గేట్‌వే పెడితే, కన్సోల్‌ను తాకకుండానే సమస్య తీరుతుంది.

సర్టిఫికెట్ చెల్లదన్న సందేశం వస్తే ముందు గడియారాన్ని చూడండి. తిరిగి మొదలైన పెట్టెలో తేదీ పాత సంవత్సరానికి పోయి, సమయం సరిచేసే ఎన్‌టీపీ పోర్ట్ 123 మూసి ఉంటే, మంచి సర్టిఫికెట్ కూడా ఇంకా మొదలుకానిదిగా కనిపిస్తుంది. కొత్త ఫైర్‌వాల్ హెచ్‌టీటీపీఎస్ రాకపోకలను తెరిచి చూసే సౌకర్యాన్ని ఆన్ చేసి ఉంటే, గేట్‌వే ప్రోగ్రాముకు అసలు సర్టిఫికెట్ బదులు ఫైర్‌వాల్ సర్టిఫికెట్ కనిపించి అది తిరస్కరిస్తుంది. రేడియాలజీ సర్వర్‌ను ఆ తనిఖీ నుండి మినహాయించాలి.

వెబ్ ద్వారా పంపే పద్ధతిలో 413 అన్న సంఖ్య వస్తే, పంపినది మధ్యలోని సర్వర్ ఒప్పుకునే పరిమితిని మించింది. ఎన్‌జింక్స్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరూ మార్చకపోతే ఆ పరిమితి 1 మెగాబైటే. దానిని సర్వర్‌వారే పెంచాలి, సెంటర్‌లో చేయగలిగింది ఏమీ లేదు. అప్‌గ్రేడ్‌తో ఐపీవీ6 కొత్తగా ఆన్ అయి ఉంటే, ఒకసారి దానిని గేట్‌వే పీసీలో ఆపి చూడండి. బ్రౌజర్లు ఐపీవీ6 దారి మూసుకుపోతే వెంటనే పాత దారికి మారతాయి. అప్‌లోడ్ ప్రోగ్రాములు కొన్ని మూసిన తలుపు దగ్గరే నిలబడిపోతాయి.

ప్రొవైడర్‌తో మాట్లాడేటప్పుడు

"నెట్ రావడం లేదు" అని ఫిర్యాదు రాయిస్తే లైన్‌మన్ వచ్చి, స్పీడ్ టెస్ట్ చూపించి వెళ్లిపోతారు. అలా కాకుండా, ఫలానా తేదీన ఫలానా సమయానికి ఓఎన్‌టీ తిరిగి మొదలైంది, వెర్షన్ మారింది, 1464 పరిమాణపు పింగ్ వెళుతున్నది కానీ 1465 నుండి ఏ సందేశమూ లేకుండా ఆగుతున్నది, ఫోన్ హాట్‌స్పాట్ మీద అవే ఇమేజ్‌లు వెళుతున్నాయి, ఎంఎస్ఎస్ క్లాంపింగ్ సెట్టింగును చూడండి అని చెప్పాలి. ఈ వాక్యాన్ని రాతపూర్వకంగా పంపితే అది లైన్‌మన్‌ను దాటి, సరిచేయగలిగినవారి దగ్గరికి చేరుతుంది. నేను చెప్పిన ఆ సెంటర్‌లో కూడా, ఇలా రాసి పంపిన సాయంత్రానికే సెట్టింగు తిరిగి వచ్చింది.

పాత సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లడం ఎప్పుడూ ఉన్న మార్గమే. అయితే కొత్త వెర్షన్‌లో దాచిన సెట్టింగుల ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోకపోవచ్చు. కొత్తది పూడ్చిన భద్రతా రంధ్రాలు మళ్లీ తెరుచుకుంటాయి. కాబట్టి రాత్రికి పని నడవడానికి వెనక్కి వెళ్లినా, పగటిపూట కారణం కనిపెట్టి తిరిగి ముందుకు రావాలి. తేడా ఏమిటో తెలియడానికి పాత సెట్టింగుల ఫైలు ఒకటి ముందే దాచి ఉండాలి. అప్‌గ్రేడ్‌కు ముందు లోపలి చిరునామాల వరుస, స్థిర కేటాయింపులు, తెరిచిన పోర్ట్‌లు, ఎంటీయూ, ఎంఎస్ఎస్, నిరీక్షణ గడువు, స్విచ్ పోర్ట్‌ల వేగం ఒక కాగితం మీద రాసి రూటర్ పక్కన అంటించమని ప్రతి సెంటర్‌కూ చెబుతుంటాను.

దారి తెరుచుకున్నాక

ఆగిన స్టడీలన్నిటినీ ఒకేసారి వదలవద్దు. ముందు ఫాంటమ్ ఇమేజ్, తరువాత ఒక పూర్తి స్టడీ పంపండి. సెకనుకు 10 మెగాబిట్ల అప్‌లోడ్ లైన్‌లో 150 మెగాబైట్ల స్టడీకి ఎంత తక్కువ అనుకున్నా 2 నిమిషాలు పడుతుంది. రెండు రోజుల బకాయి వెళ్లడానికి గంటలు పట్టవచ్చు. కాబట్టి వరుసలో అత్యవసర కేసులు ముందు ఉండేలా సర్దాలి. కొత్తగా తీసే స్కాన్‌లు ఈ బకాయి వెనుక చిక్కుకోకుండా, పాతవాటిని కాస్త రద్దీ లేని వేళకు వాయిదా వేయాలి.

పంపడం పూర్తయిందని కన్సోల్ చెప్పినంత మాత్రాన సరిపోదు. మధ్యలో తెగిన స్టడీలలో సగం స్లైస్‌లు అక్కడ ముందే చేరి ఉండవచ్చు, మిగిలినవి చేరకపోవచ్చు. అసంపూర్ణమైన స్టడీ మీద రిపోర్టు రాయడం, స్టడీ అందకపోవడం కన్నా ప్రమాదం. సర్వర్ స్టోరేజ్ కమిట్‌మెంట్ సేవను అందిస్తే కన్సోల్‌లో దానిని ఆన్ చేయించండి. ఇమేజ్‌లను భద్రపరిచే బాధ్యత తీసుకున్నానని సర్వర్ తిరిగి చెప్పేదాకా కన్సోల్ వాటిని తొలగించదు. అది లేనిచోట టెక్నీషియన్, అవతలి సిబ్బంది ఫోన్‌లో కూర్చుని ప్రతి స్టడీకీ, ప్రతి సిరీస్‌కూ స్లైస్‌ల సంఖ్య చదువుకోవాలి. ఇక్కడ 312 ఉంటే అక్కడా 312 ఉండాలి. రెండు అంకెలూ సరిపోయిన తరువాతే, మొదట్లో పెట్టిన తొలగించకూడదన్న గుర్తును ఆ స్టడీ మీద నుండి తీసేయండి.